బోసి నోటికి ఏ అచ్చు?

హైదరాబాద్‌లో యువ దంతవైద్యులు, ల్యాబ్ టెక్నీషియన్లు కలిసిన ఒక సమావేశంలో పళ్ల సెట్ల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసివేయలేదు.

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? చేతులెత్తనక్కర్లేదు, తల ఊపితే చాలు.

తెలుగులో మాట్లాడమని అడిగినప్పుడు మొదట కాస్త భయపడ్డాను. ముప్ఫై ఏళ్లు ఈ పాఠమే చెప్పాను, ఒక్కసారి కూడా పూర్తిగా తెలుగులో చెప్పలేదు. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. కుర్చీలో కూర్చున్న మనిషితో తెలుగులోనే కదా మాట్లాడతాం? నోరు తెరవండి, నాలుక బయటపెట్టండి, మింగండి అని తెలుగులోనే కదా అంటాం? ఆ మనిషికి చెప్పగలిగినది మనలో మనం ఎందుకు చెప్పుకోలేం? సరే, కొన్ని పేర్లు ఇంగ్లీషువే వస్తాయి. వేడికి మెత్తబడి చల్లారితే బిగిసే అచ్చు పదార్థం ఉందే, ఆ కాంపౌండ్‌ను కాంపౌండ్ అనే అంటాను. దానికి నేనిప్పుడు కొత్త పేరు పెడితే ల్యాబ్‌లో ఉన్న మన తమ్ముళ్లు నవ్వుతారు.

పళ్ల సెట్టు చేయడానికి నోటి అచ్చు తీయడాన్ని మనం ఇంప్రెషన్ అంటాం. మన దగ్గరికి వచ్చేవాళ్లకు ఆ మాట తెలియదు. వాళ్లు ‘కొలత’ అంటారు. ‘సార్, కొలత ఎప్పుడు తీసుకుంటారు?’ అని అడుగుతారు. ఎంత మంచి మాట! ఆ మాట ఎంత మంచిదో నాకు నేర్పింది ఒక దర్జీ. సుల్తాన్‌బజార్‌లో నలభై ఏళ్లు బట్టలు కుట్టిన పెద్దాయన. పళ్లన్నీ పోయాయి. నేను అప్పుడు చిన్నవాణ్ణి, ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ట్రేలో, అంటే అచ్చు తీసే పళ్లెంలో, కాంపౌండ్ నింపి, ఆయన నోట్లో పెట్టి, నా బలమంతా ఉపయోగించి అదిమాను. ట్రే బయటికి తీశాక ఆయన మూతి తుడుచుకుని అడిగారు. ‘బాబూ, ఒక్క మాట. మా కొట్లోకి కొందరు వస్తారు, టేపు పెట్టగానే పొట్ట లోపలికి పీల్చుకుంటారు. ఆ కొలతకు కుడితే పెళ్లి భోజనం దగ్గర గుండీ తెగుతుంది. నువ్వు ఇప్పుడు నా చిగుళ్లను అంత గట్టిగా నొక్కి కొలత తీశావు కదా, మరి నేను పళ్లు పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు అవి నొక్కుకుని ఉండవుగా?’

నేను జవాబు చెప్పలేకపోయాను. నిజంగా చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆయన అడిగిన ప్రశ్న మీదే మన శాస్త్రంలో వంద సంవత్సరాలకు పైగా తగువు నడుస్తోంది. భోజనం చేసిన పొట్టకు కుట్టాలా, ఖాళీ పొట్టకు కుట్టాలా? ఈ రోజు నేను మాట్లాడేది అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ముందు ఒక లెక్క. పళ్లున్న మనిషికి ఒక్కో దవడలో పళ్ల వేళ్లను ఎముకకు పట్టి ఉంచే పొర వైశాల్యం సుమారు 45 చదరపు సెంటీమీటర్లు. నమలే బరువంతా దాని మీద పడుతుంది. పళ్లు పోయాక ఆ బరువును మోయాల్సింది చిగురు. పై దవడలో దాని వైశాల్యం సగటున 23 చదరపు సెంటీమీటర్లు. కింది దవడలో? పన్నెండు. అవును, పన్నెండు చిల్లర. అందులోనూ నాలుక ఒక పక్క, బుగ్గ ఒక పక్క తోస్తూ ఉంటాయి. పై సెట్టు గురించి ఎవరూ పెద్దగా ఫిర్యాదు చేయరు, కింది సెట్టు మాత్రం జేబులో ఉంటుంది. మీకు తెలుసు, మీరు నవ్వుతున్నారు. మనవాళ్లు కింది సెట్టును రుమాలులో చుట్టి జేబులో పెట్టుకుని, ఫొటో తీసేటప్పుడు మాత్రం నోట్లో పెట్టుకుంటారు.

పైగా ఆ చిగురు కింద ఉన్న ఎముక గట్టు ఏటా కరుగుతూనే ఉంటుంది. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 25 ఏళ్ల కాలానికి సంబంధించిన ఎక్స్‌రేలు పరిశీలించి 1972లో ప్రచురించిన వ్యాసం మీరంతా చదివే ఉంటారు. కింది దవడ గట్టు పై దవడ గట్టుకంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ అరుగుతుంది. వానకు కొట్టుకుపోయే పొలం గట్టులాగా. అసలే చిన్న చోటు, ఆపైన తరిగిపోయే చోటు. అచ్చు సరిగా తీయకపోతే నష్టం ఎక్కడ ముందు కనిపిస్తుందో ఇప్పుడు చెప్పనక్కర్లేదు.

ఇక తగువు సంగతి. ఒక పక్షం వాళ్లు ఏమన్నారు? నమిలేటప్పుడు చిగురు ఏ ఆకారంలో ఉంటుందో ఆ ఆకారంలోనే అచ్చు తీయాలి అన్నారు. నొక్కి తీయాలి. గత శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికాలో గ్రీన్ సోదరులు కాంపౌండ్‌తో, రోగి నోరు మూసి కొరుకుతున్నట్టు ఉండగా ఈ పద్ధతిలో తీశారు. అంటే భోజనం చేసిన పొట్టకు కుట్టడం. బాగానే ఉంది. తినేటప్పుడు సెట్టు గట్టిగా కూర్చుంటుంది. కానీ మనం రోజులో ఎంతసేపు తింటాం? మిగిలిన వేళంతా నొక్కుకున్న చిగురు పైకి లేవాలని చూస్తూనే ఉంటుంది, సెట్టును కిందికి తోస్తూనే ఉంటుంది. తోయలేకపోతే రక్తప్రసరణ తగ్గి, కింద ఉన్న ఎముక అరుగుతుంది.

రెండో పక్షం పూర్తిగా ఎదురు. 1940లలో పేజ్ అనే ఆయన గట్టిగా వాదించాడు. చిగురులో ఉన్నది నీరు, నీటిని నొక్కి చిన్నది చేయలేం, పాస్కల్ సూత్రం ప్రకారం ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుంది, కాబట్టి చిగురును కదపకుండా ఉన్నదున్నట్టు పలుచని పదార్థంతో తీయండి అన్నాడు. వినడానికి ఎంత శాస్త్రీయంగా ఉంది! కానీ పాస్కల్ చెప్పింది మూత బిగించిన పాత్ర గురించి. చిగురు మూత బిగించిన పాత్రా? పక్కలు తెరిచే ఉంటాయి, నొక్కితే ద్రవం పక్కకు జారుకుంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే ఈ పద్ధతివాళ్లు సెట్టు అంచులను పొట్టిగా వదిలేశారు. అంచు బుగ్గను తాకకపోతే గాలి లోపలికి పోతుంది. లాలాజలం పలుచని పొర ఒక్కటే పట్టుకోవాలి. చదునైన రెండు గాజు పలకల మధ్య నీటి చుక్క వేస్తే అంటుకుంటాయి, నిజమే. కానీ ఆ పలకలతో మీరు జొన్నరొట్టె నమలరు కదా!

మూడో దారి బౌచర్ అనే దంతవైద్యుడి పేరుతో మనకు అలవాటైనది. ఎక్కడ ఎముక గట్టిగా ఉండి బరువు మోయగలదో అక్కడ నొక్కు, ఎక్కడ మోయలేదో అక్కడ వదులు. కింది దవడలో బుగ్గ వైపు ఉన్న ఎముక తిన్నె మోస్తుంది. పైన అంగిలి గట్టి భాగం మోస్తుంది. ముందు పళ్ల వెనక ఉండే చిన్న బొడిపె మోయలేదు, అంగిలి మధ్య గీత మోయలేదు. దానికోసం రోగికే ప్రత్యేకంగా చేసిన ట్రేలో మోయలేని చోట్ల మైనం పలక పెట్టి ఖాళీ ఉంచుతాం. మనలో చాలామంది పరీక్షలో రాసేదీ, క్లినిక్‌లో చేసేదీ ఇదే. మంచిదే. నేనూ ఇదే చేశాను. కానీ ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. మైనం పలకను మీరు రోగి నోరు తడిమి చూసి వేస్తున్నారా, పుస్తకంలో బొమ్మ చూసి వేస్తున్నారా?

ఎవరూ చెప్పరు. సరే.

పదార్థాల గురించి కొంచెం మాట్లాడుకుందాం, ఇక్కడ టెక్నీషియన్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి. మనం హైదరాబాద్‌లో ఉన్నాం, అచ్చు విద్య మనకు కొత్త కాదు. లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లను చూడండి. వేడి చేస్తే లక్క మెత్తబడుతుంది, చెప్పినట్టు వింటుంది, చల్లారితే బిగుస్తుంది. మన పాతకాలపు షెల్లాక్ ట్రే అదే లక్క. ట్రే అంచులకు పెట్టే పుల్లలాంటి గ్రీన్ స్టిక్ కాంపౌండ్ అచ్చంగా పోస్టాఫీసులో పార్సిల్ మీద ముద్ర వేసే లక్కలాగే నడుచుకుంటుంది. ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసేవాళ్లు అచ్చులో ప్లాస్టర్ పోసేది చూశారా? ఎక్కడ గాలి బుడగ పడుతుందో, ఎక్కడ అచ్చు విరుగుతుందో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. మా విద్యార్థులను ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. ఒక మేస్త్రీ అన్నాడు, ‘సార్, మీ అచ్చు చిన్నది కానీ అది ఊరుకోదు, మింగుతుంది.’ అంతే కదా మన కష్టం!

ఇక్కడ చిన్న పిట్టకథ. కాంపౌండ్ కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్. 1856లో గట్టాపర్చా అనే చెట్టు జిగురుకు కొన్ని కలిపి మెరుగైన అచ్చు పదార్థం తయారుచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఒక ప్లాస్టిక్ సర్జన్ ఆ పదార్థాన్ని గాయాల మీద చర్మాన్ని నిలబెట్టడానికి వాడాడు, ఆ పేరు అలా శస్త్రచికిత్సలోకి వెళ్లింది. ఇప్పుడు గుండెలో వేసే స్టెంట్ ఉందే, ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. మీ దగ్గరికి స్టెంట్ వేయించుకున్న పెద్దవాళ్లు వస్తే, ఆ పేరు మా పళ్ల డాక్టరుదే అని గర్వంగా చెప్పండి. అలాగే వాళ్లు రక్తం పలుచనయ్యే మాత్రలు వాడుతున్నారేమో అడగండి, అది వేరే సంగతి.

మొదటి అచ్చు కాంపౌండ్‌తోనో, నీళ్లతో కలిపే ఆల్జినేట్ పొడితోనో తీస్తాం. కాంపౌండ్‌కు 55 నుంచి 60 డిగ్రీల వేడినీళ్లు కావాలి. ఆల్జినేట్‌కు చల్లటి నీళ్లు, ముఖ్యంగా మన మే నెలలో. కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి, ఆ నీళ్లతో కలిపితే ట్రే నోట్లోకి పోయేలోపే గట్టిపడుతుంది. తీశాక పది, పదిహేను నిమిషాల్లో ప్లాస్టర్ పోయాలి. సాయంత్రం ల్యాబ్ అబ్బాయి వస్తాడు, అతనికి ఇద్దాం అని పక్కన పెడితే అది ఎండి కుంచించుకుపోతుంది. ఆ తర్వాత సెట్టు బిగుతుగా వచ్చిందని ల్యాబ్‌ను తిట్టకండి. మన తమ్ముళ్లు తల ఊపుతున్నారు, చూడండి.

మొదటి అచ్చును బట్టి చేసిన ప్రత్యేక ట్రేతో తీసే రెండో అచ్చులో అసలు పని. ట్రే అంచుల చుట్టూ గ్రీన్ స్టిక్ మెత్తబరిచి, కొంచెం కొంచెంగా పెడుతూ, రోగి పెదవులు చప్పరిస్తూ, బుగ్గలు లోపలికి పీలుస్తూ, నాలుక బయటికి చాపుతూ, దవడ పక్కలకు కదుపుతూ ఉంటే ఆ అంచు ఎంత ఎత్తు ఉండాలో, ఎంత మందం ఉండాలో కండరాలే రాసుకుంటాయి. అంగిలి వెనక భాగంలో ‘ఆ’ అనమంటే అక్కడ కదిలే గీత కనిపిస్తుంది, సెట్టు అంచు అక్కడికి చేరాలి. గ్రీన్ స్టిక్‌ను మంట మీద చూపించి నేరుగా నోట్లో పెట్టకండి, ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచండి. ఇది చెప్పనక్కర్లేదని మీరు అనుకుంటారు. నేను కాలిన పెదవులు చూశాను.

ఆ తర్వాత ట్రేలో నింపేది జింక్ ఆక్సైడ్ యూజినాల్ పేస్టు. లవంగ నూనె వాసన, అందరికీ ఇష్టమే. పలుచగా పాకుతుంది, సన్నని గీతలు కూడా పట్టుకుంటుంది. కానీ గట్టిపడ్డాక వంగదు, అందుకే గట్టులో లోపలికి వంపు ఉంటే రాదు, వస్తే చిగురు చీలుతుంది. వానాకాలంలో తేమకు తొందరగా బిగుస్తుంది. లాలాజలం తక్కువ ఉన్న నోట్లో? అంటుకుపోతుంది. నాకు జరిగింది. షుగర్ ఉన్న ఒక అమ్మ, నోరు ఎండిపోయి ఉంది. నేను అడగలేదు, చూడలేదు. పేస్టు నింపి పెట్టాను. తీసేటప్పుడు ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి. ‘పర్వాలేదు నాయనా’ అంది. ఆ ‘పర్వాలేదు’ ఇప్పటికీ నాకు వినిపిస్తూ ఉంటుంది. అలాంటి నోటికి గట్టిపడ్డాక కూడా వంగే సిలికాన్ వాడాలి. అయితే సిలికాన్ వాడేటప్పుడు రబ్బరు చేతి తొడుగులు వేసుకుని ముద్దను పిసకకండి, ఆ రబ్బరులో ఉన్న గంధకం వల్ల అది బిగుసుకోదు.

ఇప్పుడు అసలైన చోటికి వస్తాను. మామూలు నోళ్లకు, అంటే గట్టు ఎత్తుగా, చిగురు గట్టిగా, లాలాజలం సరిపడా ఉన్న నోళ్లకు, మీరు ఏ పద్ధతిలో తీసినా సెట్టు నిలుస్తుంది. నమ్మరా? 2005లో మాంట్రియల్‌లో కవాయి బృందం ఒక పరీక్ష చేసింది. 122 మంది. సగం మందికి ప్రత్యేక ట్రే, అంచుల పని, అన్ని హంగులతో సెట్లు చేశారు. మిగతావాళ్లకు ఒక్క ఆల్జినేట్ అచ్చుతో సులువు పద్ధతిలో చేశారు. రోగులను అడిగితే, సంతృప్తిలో తేడా కనబడలేదు. 2018లో వైద్య పరీక్షలను సమీక్షించే కొక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ ఒకచోట పెట్టి చూసింది. ఒక పద్ధతి మరో దానికంటే మెరుగని చెప్పడానికి స్పష్టమైన ఆధారం లేదని తేల్చింది. లీడ్స్‌లో 2014లో వచ్చిన పరీక్షలో మాత్రం ఒక్కో రోగికి రెండు సెట్లు, ఒకటి ఆల్జినేట్ అచ్చుతో, ఒకటి సిలికాన్ అచ్చుతో చేసి ఇస్తే, ఎక్కువమంది సిలికాన్‌తో చేసినదాన్ని ఎంచుకున్నారు.

అయితే ఇంత పాఠం ఎందుకు, ఒక్క ఆల్జినేట్ ట్రేతో సరిపెట్టుకుందాం అంటారా? ముందు వరుసలో ఒకరి ముఖంలో ఆ ఆశ కనిపిస్తోంది. ఆగండి. సగటు అంటే ఏమిటి? వంద నోళ్లలో ఎనభై మామూలువైతే సగటు ఆ ఎనభై నోళ్ల మాటే చెబుతుంది. మీ కుర్చీలో కూర్చున్న మనిషి ఆ ఇరవైలో ఒకరైతే? నా అభిప్రాయం ఇది, మీరు ఒప్పుకోకపోయినా పర్వాలేదు: పద్ధతుల మధ్య పోటీ పెట్టడమే తప్పు. నోళ్ల మధ్య తేడా చూడాలి.

ఊగే గట్టు సంగతి చెబుతాను. కింది ముందు పళ్లు మిగిలి ఉండి, పైన సెట్టు పెట్టుకుని ఏళ్ల తరబడి నమిలినవాళ్లలో, పై దవడ ముందు భాగంలో ఎముక కరిగి, చిగురు మాత్రం మెత్తని తోలు సంచిలా వేలాడుతుంది. వేలితో తోస్తే అటూ ఇటూ ఊగుతుంది. ఒక పాత ఉపాధ్యాయుడు వచ్చారు నా దగ్గరికి, నాలుగు సెట్లు చేయించుకుని నాలుగూ సంచిలో వేసుకుని వచ్చారు. నేను ఐదోది చేశాను. అన్నీ పుస్తకం ప్రకారమే. వారం తిరక్కుండా ఆ సంచిలో ఐదు సెట్లయ్యాయి. ‘డాక్టర్ గారూ, మీది కూడా ఇందులోనే వేసుకుంటాను, ఏమీ అనుకోకండి’ అన్నారు. ఎందుకు నిలవలేదు? నేను నొక్కి తీసినప్పుడు ఊగే చిగురు వెనక్కి మడుచుకుపోయింది. అచ్చులో అది మడుచుకుని ఉంది. సెట్టు పెట్టగానే అది తిరిగి లేచి సెట్టును తోసేసింది. దర్జీ పెద్దాయన అడిగిన ప్రశ్న మళ్లీ వచ్చి కూర్చుంది నా ముందు.

తర్వాత కిటికీ పద్ధతిలో చేశాను. ట్రేలో ఊగే భాగం ఎదురుగా కిటికీలా కోసేశాను. గట్టిగా ఉన్న వెనక భాగాలను పేస్టుతో మామూలుగా తీశాను. ఆ ట్రే నోట్లోనే ఉండగా కిటికీలోంచి కనిపించే చిగురు మీద పలుచని ప్లాస్టర్‌ను కుంచెతో పూశాను, తాకీ తాకనట్టు. ఇప్పుడు చెప్పండి, ఇది నొక్కిన అచ్చా, నొక్కని అచ్చా? ఒకే నోట్లో రెండూ. గ్రీన్ సోదరులూ ఉన్నారు, పేజ్ కూడా ఉన్నాడు. ఆరో సెట్టు సంచిలోకి పోలేదు.

కింది దవడ పూర్తిగా చదునైపోయి, మీద చిగురు ముడతలు పడి ఉంటే మరో రకం కష్టం. ఆ ముడతలు అచ్చులో పడితే సెట్టు ఆ ముడతను నలిపి పుండు చేస్తుంది. అక్కడ కాస్త బరువైన పదార్థం కావాలి. మెక్‌కార్డ్, టైసన్ అనే దంతవైద్యులు చెప్పిన మిశ్రమం నాకు బాగా పనికొచ్చింది. తూకంలో మూడు వంతులు కాంపౌండ్, ఏడు వంతులు గ్రీన్ స్టిక్, వేడినీళ్లలో వేసి చేతులకు వాజిలిన్ రాసుకుని పిసికి ట్రేలో పెట్టడం. ఒకటి రెండు నిమిషాలు మెత్తగా ఉంటుంది, ఆలోపు రోగి నాలుక, బుగ్గలు కదిపితే ముడతలు సాఫీ అవుతాయి. ఊగే గట్టుకు ఇది వాడితే సర్వనాశనం. చదును గట్టుకు ప్లాస్టర్ వాడితే ప్రయోజనం లేదు.

ఇంకొకటి. పాత సెట్టు వేసుకుని వచ్చినవాళ్ల అచ్చు ఆ రోజే తీయకండి. వయసు మీద పడ్డవాళ్ల చిగురు నొక్కుకుంటే తిరిగి లేవడానికి గంటలు పడుతుంది. కనీసం ఒక రోజు సెట్టు తీసి ఉండమనండి. ‘పెళ్లిళ్ల సీజన్ సార్, సెట్టు లేకుండా బయటికి ఎలా వెళ్లను?’ అంటారు. నిజమే. ముహూర్తం అయ్యాక రమ్మనండి.

నోట్లో పెట్టే స్కానర్ల గురించి చెప్పమని ఒకరు చీటీ పంపారు. స్కానర్ తాకకుండా చూస్తుంది, కాబట్టి అది పుట్టుకతోనే పేజ్ శిష్యుడు. ఊగే చిగురుకు అందుకే మేలు. కానీ అంచులు? బుగ్గ ఎంత దూరం వస్తుందో, నాలుక ఎంత ఎత్తుకు లేస్తుందో దానికి తెలియదు, మనం బుగ్గను లాగి పట్టుకుంటే లాగిన బుగ్గనే రాసుకుంటుంది. పైగా నున్నటి, తడిగా మెరిసే కింది గట్టు మీద దానికి ఆనవాళ్లు దొరకవు, దారి తప్పుతుంది. కొనవద్దని నేను అనను. కొన్నాక ట్రేలు మాత్రం పారేయకండి.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. పక్క గదిలో బల్ల మీద నాలుగు దవడ మోడళ్లు పెట్టాం. ఊగే గట్టు కోసం ఒకదాని ముందు భాగంలో మెత్తని సిలికాన్ వేశాం. టీ తాగే ముందు చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని నాలుగింటినీ వేలితో తడిమి చూడండి. దేనికి ఏ ట్రే తీస్తారో చీటీ మీద రాసి నాకివ్వండి. ఆ కిటికీ ట్రే కూడా అక్కడే ఉంది, జాగ్రత్త, పాతది, అంచు విరిగింది.